కుడి తెర

ఆగస్టు 1

కాలేజీ రోజుల తర్వాత డైరీ ముట్టుకోలేదు. ఇవాళ గోల్ బజార్‌లో వంటింటికి బల్బు కొందామని వెళ్ళి, బల్బు మరిచిపోయి, ఈ పుస్తకం కొనుక్కుని వచ్చాను. ఎందుకు కొన్నానో తెలియదు. కష్టం ఏమీ లేదు. అంతా బాగానే ఉంది. ఆ మాటే ఎక్కడో ఒకచోట రాసుకోవాలనిపించింది.

ఈ బెంగాలీ రైల్వే ఊళ్లో, ఇందా పేట క్లినిక్‌లో మా ట్రయల్ చక్కగా నడుస్తోంది. అక్కడి పాత అల్ట్రాసౌండ్ మిషనుకి మా కంప్యూటర్ తగిలించి రెండు తెరలు పెట్టాం. ఎడమ తెర మీద మిషను ఇచ్చే అసలు బొమ్మ, ఎప్పటిలాగే బూడిదరంగులో ఉప్పు చల్లినట్టు గింజగింజలుగా. ఆ గింజల్ని స్పెకిల్ అంటాం. కుడి తెర మీద మా మోడల్, అంటే మేం తయారుచేసిన ఏఐ ప్రోగ్రాం, కడిగి ఇచ్చిన బొమ్మ. గింజలు పోయి లివర్ నున్నగా, అంచులు గీతగీసినట్టు కనిపిస్తుంది. నా నాలుగేళ్ల చాకిరీ అంతా ఆ నునుపులో ఉంది.

డాక్టర్ మైతీ దీదీ జూన్‌లో కుడి తెర వంక చూసేది కాదు. మీ బొమ్మ అందంగా ఉంది, నాకు అందంతో పనిలేదు అనేసింది. ఇప్పుడు స్కాన్ చేస్తున్నంతసేపూ మెడ కుడివైపే. రిపోర్టు మాత్రం ఎడమ తెర చూసే రాయాలని ట్రయల్ నియమం. ఆ సంగతి ఆమె మరిచిపోయింది. నేనూ గుర్తు చేయలేదు. ఆమె మెడ అటు తిరిగిన రోజున నేను ఇంటికి మిఠాయి తెచ్చాను మరి.

మా క్యాంపస్ ల్యాబ్ పెద్ద పాణిగ్రాహి సార్ వచ్చే నెల పూణె కంపెనీవాళ్లను పిలిచారు. చేతిలో పట్టే చిన్న మిషన్లు చేస్తారు వాళ్లు. మా మోడల్ అందులో ఎక్కితే పల్లెల్లోని బ్లాక్ ఆసుపత్రులన్నిటికీ పోతుంది. సార్ ఈ మధ్య నన్ను చూసినప్పుడల్లా నవ్వుతున్నారు.

ఆగస్టు 3

రాబిన్ ఒప్పుకున్నాడు.

ఏడాది పైనే తప్పించుకున్నాడు మా ఆయన. అతనికి పుట్టుకతోనే హెపటైటిస్ బి ఉంది, తల్లి నుంచి వచ్చింది. ఆవిడ, నేను చూడని మా రత్నం అత్తయ్య, లివర్ పాడయ్యే పోయారు. ఆరు నెలలకోసారి స్కాన్ చేయించుకోమని డాక్టర్లు చెప్పారు. డ్యూటీ అంటాడు, రెస్ట్ అంటాడు, గూడ్స్ బండి టాటానగర్‌లో ఆగిపోయింది అంటాడు. ఇప్పుడు గూడ్స్ డ్రైవరు నుంచి పాసింజర్ బండ్లకు పైలట్‌గా ప్రమోషన్ వచ్చేలా ఉంది. రైల్వే మెడికల్‌కి ముందే లోపల ఏముందో తెలుసుకోవాలనుకున్నాడు.

"నీ మిషను మీదైతే సూయించుకుంటాను," అన్నాడు. "పైవోల్ల మిషను నాకొద్దు."

మావయ్య వీధి గదిలో పేపర్ చదువుతూ కళ్లజోడు తీశారు. మళ్లీ పెట్టుకున్నారు.

ఆగస్టు 5

క్లీన్. దీదీ రిపోర్టు మీద అదే రాసింది. లివర్ సైజు సరిగా ఉంది, మచ్చ లేదు, గడ్డ లేదు.

రాబిన్ బల్ల మీద పడుకుని జెల్ చల్లగా ఉందని గింజుకున్నాడు. దీదీ ఊపిరి బిగబట్టమంది. నేను కంప్యూటర్ దగ్గర, తెరలకు దగ్గరగా నిలబడ్డాను. కుడి తెర మీద నా మొగుడి లివర్. ఇంత అందమైన బొమ్మ ఈ ట్రయల్‌లో చూడలేదు. కడిగిన పలకలా ఉంది.

దీదీ పొట్ట మీద తిప్పే ప్రోబ్ పక్కటెముకల కిందికి వంగినప్పుడు ఎడమ తెర మీద, లివర్ కుడి లోబ్ అంచున, ఏదో తెల్లగా మసకగా కనిపించినట్టయింది. మళ్లీ పోయింది. దీదీ కుడి తెర చూస్తోంది. కుడి తెర మీద ఏమీ లేదు.

స్పెకిల్ ఒక్కోచోట గుంపు కడుతుంది. నాకు తెలియనిదా.

తిరుగుదారిలో రాబిన్ బ్యాటరీ రిక్షా టోటోవాడికి దారంతా జోకులు చెప్పాడు. ఝపటాపూర్ దగ్గర దిగి జిలేబీ కొన్నాడు. నాకు కూడా ఆకలేసింది.

ఆగస్టు 6

అది స్పెకిల్.

ఆగస్టు 8

వంటింటి అలమరలన్నీ దించి కడిగాను. పాత పచ్చడి సీసాలు పారేశాను. మావయ్య వచ్చి ఎవరైనా వస్తున్నారా అమ్మా అని అడిగారు. ఎవరూ లేరు.

క్లినిక్‌కి వెళ్ళాను. వాన. కరెంటు పోయి వచ్చింది. దీదీ హాయిగా పనిచేసుకుంటోంది, మునుపటి కన్నా రోగికి తక్కువ సేపు పడుతోందంది. నేను కుర్చీ తిప్పి కంప్యూటర్ వైపు కూర్చున్నాను. తెరలు చూడటం దీదీ పని. నాది కంప్యూటర్ ఆగిపోకుండా చూడటం. మొదటినుంచీ అంతే.

ప్రతి స్కాన్‌లో మిషను నుంచి వచ్చే కడగని బొమ్మలు, అసలు ఫ్రేములన్నీ, మా దగ్గర దాచిపెడతాం. రాబిన్‌వి కూడా ఉన్నాయి. తెరవాలంటే ఎంతసేపు. తెరవడానికి కారణం ఉండాలి కదా. లేదు.

ఆగస్టు 10, ఆదివారం

చర్చిలో మావయ్య కృతజ్ఞత చెప్పడానికి లేచారు. నాకు ముందే తెలిస్తే ఆపేదాన్నేమో. రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఏళ్లకు పైగా ఫిట్టర్‌గా చేసిన మనిషి, నలుగురిలో మాట్లాడరు. అలాంటిది మైకు పట్టుకున్నారు.

"ఆల్ల అమ్మని తీసుకుపోయిన జబ్బు మా రాబిన్ని ముట్టుకోలేదు," అన్నారు. "మా కోడలు సేసిన మిషనే సూసి సెప్పింది. దేవుడికి స్తోత్రం."

అందరూ నా వైపు తిరిగారు. ముందు వరసలో ఎవరో చప్పట్లు కొట్టారు, తర్వాత అందరూ. రాబిన్ నా చెయ్యి పట్టుకున్నాడు.

ఆగస్టు 13

రాబిన్‌కి ప్రమోషన్ ఆర్డరు వచ్చింది. సెప్టెంబర్ మొదటివారం నుంచి ట్రైనింగ్. డ్రైవర్లు డ్యూటీ ఎక్కే ముందు సంతకం చేసే క్రూ లాబీలో అందరికీ మిఠాయి పంచాడట. రాగానే నన్ను ఎత్తి తిప్పాడు. నవ్వాను. నిజంగానే నవ్వు వచ్చింది. కాసేపు ఏమీ గుర్తు లేదు.

ఆగస్టు 15

సెలవు. ల్యాబ్ తాళం నా దగ్గరే ఉంది. వెళ్ళలేదు.

ఆగస్టు 19

క్లినిక్‌లో ఇవాళ తెలుగు మాట వినిపించింది. అప్పలకొండ అని, ఖరిదా పేటలో ఉంటారు, వర్క్‌షాపులో రిటైరయ్యారు. కడుపు ఉబ్బరంగా ఉంటోందని వాళ్ల అమ్మాయి తీసుకొచ్చింది. ఆమె కళ్యాణి, స్కూల్లో లెక్కలు చెబుతుందట. దీదీతో బెంగాలీలో గడగడా మాట్లాడుతున్న పెద్దాయన నేను ఫోన్‌లో రాబిన్‌తో అన్న ముక్క విని, "మనోల్లేనేటి నువ్వు?" అన్నారు. మావయ్య పేరు చెబితే, "ఆమోసు కోడలివా! మరి సెప్పవేటి," అని ఇక పొట్ట మీద జెల్ రాస్తున్నా ఆపలేదు. మావయ్యా ఆయనా వర్క్‌షాపులో ఒకే విభాగంలో చేశారట.

దీదీ చివరికి మాట్లాడకండి, ఊపిరి పట్టండి అంది. కుడి తెర శుభ్రంగా ఉందంది. లివర్ బాగుంది, గ్యాస్ ఎక్కువుంది, నూనె తగ్గించమంది. పెద్దాయన దిగుతూ నా తల మీద చెయ్యి పెట్టారు. "మీ మావని అడిగినానని సెప్పు," అన్నారు.

మంచి రోజు. చాలా రోజుల తర్వాత.

ఆగస్టు 21

తెరిచాను.

కారణమేమీ లేదు. పూణెవాళ్ల డెమోకి మంచి బొమ్మలు ఏరమన్నారు సార్. అన్నిటికన్నా మంచి బొమ్మ రాబిన్‌దే.

స్పెకిల్ అయితే ప్రోబ్ కోణం మారినప్పుడు దాని అమరిక మారిపోవాలి. నిజంగా లోపల ఉన్న వస్తువైతే కోణం మారినా ఉన్నచోటే ఉంటుంది. ఇది మొదటి ఏడాది పిల్లలకు నేనే చెబుతాను, బోర్డు మీద బొమ్మ వేసి. దీదీ ప్రోబ్‌ని నిదానంగా వంచుతూ వెళ్లిన ఫ్రేములు ఒకదాని తర్వాత ఒకటి చూశాను. చుట్టూ గింజలన్నీ మారుతున్నాయి. ఆ తెల్ల మసక మారలేదు. గుండ్రంగా, శనగగింజ కన్నా కొంచెం పెద్దదిగా, లోబ్ అంచున, అన్ని ఫ్రేముల్లోనూ.

అవే ఫ్రేములు మోడల్‌కి ఇచ్చాను. అన్నిట్లోనూ పోయింది. ఆ చోట నున్నటి లివర్.

బయటికొచ్చి నడిచాను. పురీ గేటు దాకా వెళ్లి, అక్కడ ఏం పనో తెలియక వెనక్కి వచ్చాను. మళ్లీ వెళ్లాను.

ఆగస్టు 22

ఇవాళ క్లినిక్ రోజు. కంప్యూటర్ మొదలుపెట్టి, ల్యాబ్‌లో పని ఉందని దీదీకి చెప్పి వచ్చేశాను.

ల్యాబ్‌లో వేరే పరీక్ష చేశాను. మంచి లివర్ బొమ్మలు తీసుకుని, అసలు ఫ్రేముల్లో నేనే మచ్చలు పెట్టాను. కొన్ని తెల్లవి, కొన్ని నల్లవి, చిన్నవి, పెద్దవి. మోడల్ చేత కడిగించాను. పెద్దవి నిలిచాయి. చిన్నవి దాదాపు అన్నీ తుడిచిపెట్టుకుపోయాయి.

ఎందుకో అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. మోడల్‌కి మేం నేర్పినది మా క్యాంపస్ పిల్లల లివర్ల మీద. హాస్టల్ నుంచి వచ్చి, సమోసా తిని, బల్ల మీద పడుకుని స్కాన్ చేయించుకున్న పిల్లలు. ఇరవై ఏళ్లవాళ్లు. ఒక్కరికీ జబ్బు లేదు. జబ్బు లివర్ ఎలా ఉంటుందో మోడల్ ఏనాడూ చూడలేదు. దానికి తెలిసిన లివర్ ఒక్కటే, మచ్చలేనిది. ఏది కనిపించినా దాన్ని ఆ రకంగా దిద్దుతుంది.

ఆ పిల్లలు తక్కువైనప్పుడు నేనూ పడుకున్నాను. నా లివర్ కూడా ఆ పాఠాల్లో ఉంది. రాబిన్ మచ్చ మీద పరిచిన నునుపులో కొంత నాదే.

ఆగస్టు 25

సార్‌కి చెప్పాను. అన్నీ చూపించాను.

ఆయన చెడ్డవారు కాదు. చూశారు, రెండుసార్లు చూశారు. చిన్న మచ్చలతో ఈ ఇబ్బంది అన్ని మోడళ్లకూ ఉంటుంది, రీసెర్చ్ పేపర్లో పరిమితుల కింద రాద్దాం, డెమో అయ్యాక జబ్బున్నవాళ్ల డేటా తెచ్చి మళ్లీ ట్రైన్ చేద్దాం అన్నారు. ట్రయల్ నియమం ప్రకారం డాక్టర్ ఎడమ తెర చూడాలి కదా, మన మోడల్ ఎవరి రిపోర్టూ రాయదు కదా అన్నారు. కాదనడానికి ఏమీ లేదు. నియమం అదే.

దీదీ ఎడమ తెర చూడటం మానేసి చాలా రోజులైంది సార్ అన్నాను.

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. అది నీకు ఎప్పటినుంచి తెలుసు అని అడిగారు. నేను ల్యాప్‌టాప్ మూశాను. తర్వాత మెల్లగా, ముందు మీ ఆయనకు వేరేచోట స్కాన్ చేయించమ్మా, డెమో సంగతి తర్వాత మాట్లాడదాం అన్నారు. అంత దయగా అనకపోయినా బాగుండేది.

ఆగస్టు 26

జ్వరం అని క్లినిక్‌కి ఫోన్ చేశాను. జ్వరం లేదు. నేను లేకపోయినా కంప్యూటర్ దానంతట అది మొదలవుతుంది. కుడి తెర వెలుగుతుంది. ఇవాళ ఎంతమంది వచ్చారో.

ఆగస్టు 27

రాబిన్‌తో చెబుదామని కూర్చున్నాను. కొత్త యూనిఫాం కొలతలిచ్చి వచ్చాడు. రేపు చెబుతాను.

ఆగస్టు 29

దీదీకి చెప్పాను.

పేషెంట్లు రాకముందే వెళ్లాను. కుడి తెర ప్లగ్గు పీకేశాను. ఏమైంది, పాడైందా అంది. పాడవలేదు దీదీ, మొదటినుంచీ ఇంతే అన్నాను. రాబిన్ ఫ్రేములు ఎడమ తెర మీద వేశాను. ఆమెకు నేను వేలు పెట్టి చూపించాల్సిన పని పడలేదు. తెర దగ్గరికి వంగి, తనే ఆ చోట పెన్ను ఆనించింది.

కోప్పడుతుందనుకున్నాను. ఇరవై రెండేళ్లుగా ఈ బూడిద చూస్తున్నాను, రెండు నెలల్లో చూడటం మానేశాను అంది, తనతోనే అన్నట్టు. తర్వాత నా వైపు తిరిగి, అసలు ఫ్రేములన్నీ నీ దగ్గర ఉన్నాయా, జూన్ నుంచి అందరివీ అంది. ఉన్నాయన్నాను. అయితే సాయంత్రాలు నాతో కూర్చో, అందరివీ మళ్లీ చూస్తాను అంది. బయట కూర్చున్నవాళ్లను లోపలికి పిలిచింది. మెడ ఎడమవైపు తిప్పుకుని పనిచేసింది.

సార్‌కి ఫోన్‌లో చెప్పాను. ట్రయల్ ఆపుతున్నట్టు దానికి అనుమతిచ్చిన ఎథిక్స్ కమిటీకి ఆయనే చెబుతానన్నారు. పూణెవాళ్లను రావద్దన్నారు. నన్ను తిట్టలేదు. ఇక ఫోన్ పెట్టేస్తాను అన్నారు.

ఆగస్టు 30

రాబిన్‌తో చెప్పాను.

మధ్యాహ్నం, అన్నం తిన్నాక. మావయ్య పడుకున్నారు. ఎలా మొదలుపెట్టాలో తెలియక మోడల్ గురించి మొదలుపెట్టాను, క్యాంపస్ పిల్లల గురించి. మధ్యలో ఆపాడు.

"నాకేటైనా ఉందా, అది సెప్పు."

ఒక మచ్చ ఉంది, ఏమిటో తెలియదు, సీటీ స్కాన్ చేస్తే తెలుస్తుంది, చాలాసార్లు అపాయం ఉండదు అన్నాను. అతను గోడ వైపు చూస్తూ విన్నాడు. భయపడతాడనుకున్నాను. తల్లి గుర్తొస్తుందనుకున్నాను.

"నువ్వు ఎప్పుడు సూసినావు?" అన్నాడు.

"ఆ రోజే."

"ఏ రోజు?"

"స్కాన్ రోజే. గదిలోనే."

లేచాడు. చొక్కా వేసుకున్నాడు, బూట్లు వేసుకున్నాడు. డ్యూటీ సాయంత్రానికి గానీ లేదు. గుమ్మంలో ఆగి, "నాన్న సర్చిలో నిలబడి స్తోత్రం సెప్పినాడు. నా పక్కనే కూకున్నావు," అన్నాడు. వెళ్లిపోయాడు.

మావయ్య నిద్రపోవడం లేదు. ఆ గదిలోంచి మంచం కదిలిన చప్పుడు వచ్చింది.

సెప్టెంబర్ 1

రాబిన్ ట్రైనింగ్ బ్యాచ్ ఇవాళ వెళ్లింది. అతను వెళ్లలేదు. కారణం ఇంట్లో పని అని రాయించుకున్నాడట. సీటీకి మేదినీపూర్‌లో తారీఖు దొరికింది. మావయ్య తీసుకెళతారు. నన్ను రమ్మనలేదు.

సెప్టెంబర్ 3

సాయంత్రాలు దీదీ దగ్గర. తెర ఒకటే. ఒక్కో మనిషి ఫ్రేములు నడిపిస్తాను, ఆపమంటే ఆపుతాను. ఎక్కువమందివి బాగానే ఉన్నాయి. కొందరిని మళ్లీ పిలవాలని పక్కన పెట్టింది. వాళ్లకు తనే ఫోన్ చేస్తోంది, మిషనులో లోపం దొరికింది, ఖర్చు లేకుండా మళ్లీ చూస్తాను రండి అని. నాతో మాత్రం నీ లోపం అని ఒక్కసారీ అనలేదు, మన లోపం అంటోంది.

ఇవాళ ఆపమన్న ఫ్రేము దగ్గర పేరు చూశాను. ఎ. అప్పలకొండ.

నల్లటి మచ్చ. రాబిన్‌దాని కన్నా స్పష్టంగా ఉంది. ఉప్పులో మిరియపు గింజ పడినట్టు. దీదీ దాన్ని కొలిచింది. లివర్ అంతా కొంచెం గరుకుగా ఉందని కూడా చూపించింది. కుడి తెర మీద అది కూడా లేదు.

ఆ రోజు నేను ఆ గదిలోనే ఉన్నాను. కుర్చీ కంప్యూటర్ వైపు తిప్పుకుని కూర్చున్నాను.

సెప్టెంబర్ 8

రాబిన్‌ది ఏమీ కాదు.

రక్తనాళాలు ముద్దగా చుట్టుకున్న చిన్న గడ్డ. పుట్టినప్పటినుంచీ ఉండి ఉండొచ్చట. క్యాన్సర్ కాదు, కాబోదు. మందు అక్కర్లేదు. రైల్వే మెడికల్‌కి అడ్డం కాదు. వచ్చే బ్యాచ్‌లో వెళ్లొచ్చు.

మావయ్య గుమ్మంలోనే మోకాళ్ల మీద కూర్చుండిపోయారు. నేను వంటింట్లోకి వెళ్లి పంపు తిప్పి నీళ్లు వదిలాను, ఏడుపు వినిపించకుండా.

ఒక్క నిమిషం అనుకున్నాను: అయితే మోడల్ తుడిచిపెట్టింది అక్కర్లేనిదాన్నే కదా. తప్పేమీ జరగలేదు కదా. ఆ నిమిషం చాలా హాయిగా ఉంది. తర్వాత నల్లటి మచ్చ గుర్తొచ్చింది.

అన్నాల దగ్గర రాబిన్ మాట్లాడాడు. పది రోజుల తర్వాత.

"నువ్వు ఆ దినమే సెప్పుంటే ఇద్దరం కలిసి బయపడేవోల్లం," అన్నాడు. "నువ్వొక్కదానివి పడినావు. తర్వాత నేనొక్కణ్ణి పడినాను. దీన్నేటంటారు వినీలా?"

పప్పు వడ్డించాను. వద్దనలేదు.

సెప్టెంబర్ 10

దీదీ, నేను ఖరిదా వెళ్లాం. అప్పలకొండగారికి మళ్లీ చేసిన స్కాన్, సీటీ రెండిటి రిపోర్టులూ వచ్చాయి. ఇది క్యాన్సరే. చిన్నది. ఒక్కటే ఉంది. కోల్‌కతాలో చూపించాలి.

ఫోన్‌లో చెప్పడం ఇష్టం లేక దీదీ తనే బయలుదేరింది. నేను వస్తానన్నాను. ఆయన మమ్మల్ని మంచం మీద కూర్చోబెట్టి, తను పీట వేసుకున్నారు. దీదీ బెంగాలీలో చెప్పింది. ఆయన నా వైపు తిరిగి, నువ్వు తెలుగులో సెప్పు అన్నారు. అర్థం కాక కాదు. చెప్పాను. ఆ మాట తెలుగులో ఎంత దగ్గరగా వినిపిస్తుందో అప్పటిదాకా తెలియదు.

"గేస్ అన్నారు కదా," అన్నారు ఆయన.

కళ్యాణి గోడకు ఆనుకుని నిలబడి ఉంది. "ఆ దినం మీరు గదిలోనే ఉన్నారు కదేటి?" అంది నాతో.

ఉన్నానన్నాను.

"ఎవలికీ కనబడలేదా?"

మా మోడల్ దాన్ని తుడిచేసింది, మేం తుడిచిన బొమ్మే చూశాం అని చెప్పాను. నిజమే చెప్పాను. అప్పటికే రాబిన్ మచ్చ చూసి రెండు వారాలైందని చెప్పలేదు. ఆమె అది అడగలేదు.

సెప్టెంబర్ 11

ఆమె అది అడగలేదు. ఎలా అడుగుతుంది.

సెప్టెంబర్ 13

సార్ పిలిచారు. మేదినీపూర్ వైపు ఆసుపత్రులతో మాట్లాడుతున్నారట, జబ్బున్న లివర్ల బొమ్మలు ఇస్తారేమోనని. మళ్లీ మొదటినుంచి కట్టాలి, రెండేళ్లు పడుతుంది అన్నారు. నువ్వుంటావా అని అడిగారు. ఉంటానన్నాను. ఆయన నవ్వలేదు గానీ తల ఊపారు.

ఇంటికొచ్చి కిటికీ తెరలు ఉతికాను. ఆరకముందే మళ్లీ తగిలించాను.

సెప్టెంబర్ 17

విశ్వకర్మ పూజ. మధ్యాహ్నం నుంచి వర్క్‌షాపు వైపు మైకులు, ఆకాశం నిండా గాలిపటాలు. మావయ్య పాత వర్క్‌షాపు చూసివస్తానని వెళ్లారు. అక్కడ అప్పలకొండగారు కూడా వచ్చారట, ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని కిచిడీ తిన్నారట. జబ్బు మాట ఎత్తలేదట.

సాయంత్రం కళ్యాణి ఫోన్ చేసింది. రేపు కోల్‌కతాలో డాక్టర్ చూస్తాడు, పాత బొమ్మలన్నీ తెమ్మన్నాడు, అప్పుడు ఎంత ఉంది ఇప్పుడు ఎంత ఉంది చూస్తాడట.

"పెన్ డ్రైవ్ ఇచ్చేస్తే సాలు," అంది. కాస్త ఆగి, "లేదు. మీరే రండి. మీరే సెప్పండి ఆయనకి," అంది.

రాబిన్ విని, పొద్దున్న లోకల్ రైలుకి స్టేషన్ దాకా తనే దింపుతానన్నాడు.

సెప్టెంబర్ 18

హౌరా లోకల్‌లో ముగ్గురం ఎదురెదురుగా. పెద్దాయన దారంతా స్టేషన్ల పేర్లు రాకముందే చెప్పారు. కళ్యాణి కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

కోల్‌కతా డాక్టర్ చిన్నవాడు, తొందరమనిషి. ఆగస్టు ఫ్రేములు వేసి చూపించాను. కొలుచుకున్నాడు. కొత్తవాటితో పోల్చాడు. పెరుగుదల దాదాపు లేదు అన్నాడు, రెండు సెంటీమీటర్ల లోపే ఉంది, కోత లేకుండా సూది దింపి వేడితో కాల్చేయొచ్చు, ఈ దశలో దొరకడం మంచిదే అన్నాడు. కళ్యాణి అప్పుడు ఊపిరి వదిలింది. నాకు వినిపించింది.

తర్వాత అతను ఆగస్టు రిపోర్టు తీసి చదివాడు. చిరాకుగా నా వైపు చూశాడు. ఇంత స్పష్టంగా ఉంటే మచ్చ లేదని ఎలా రాశారు, ఆ రోజు కనిపించలేదా అని అడిగాడు.

"కనిపించింది," అన్నాను. "ఎడమ తెర మీద ఉంది. మేం చూడలేదు."

పెద్దాయన్ను రక్త పరీక్షకు తీసుకెళ్లారు. నడవాలో బెంచీ మీద కళ్యాణి, నేను మిగిలాం. అక్కడ చెప్పాను. మీ నాన్నగారి స్కాన్‌కి రెండు వారాల ముందే మా ఆయన స్కాన్‌లో ఇలాంటిది నా కంటపడింది, ఎవరికీ చెప్పలేదు, ఆ రోజే చెప్పి ఉంటే దీదీ కుడి తెర చూసేది కాదు, మీ నాన్నగారికి ఆ రోజే తెలిసేది అన్నాను. చెబుతున్నంతసేపూ బ్యాగు జిప్పు తీస్తూ వేస్తూ ఉన్నాను.

ఆమె ఎదుటి గోడ మీద డాక్టర్ల పేర్ల బోర్డు చదువుతున్నట్టు చూసింది.

"మీ ఆయనకి ఏటవుతాదో అని బయపడి ఊరుకున్నారా," అంది, "పని సెడిపోతాదని ఊరుకున్నారా?"

"రెండూ," అన్నాను. "ఏది ఎక్కువో నాకు తెలియదు. తెలుసుకోవాలని రోజూ చూస్తున్నాను, తెలియడం లేదు."

"నేను పదిసార్లు అడుగుదామనుకున్నాను ఆ దినం గురించి. మీరు సెప్పకపోతే నాకెప్పటికీ తెలిసేది కాదు."

"అవును."

"నాన్నకి సెప్పకండి. ఆయనకి మీరంటే పేనం. కోడలు పిల్ల, కోడలు పిల్ల అంటాడు." ఆమె బోర్డు మీంచి చూపు నా మీదికి తిప్పింది. "నేను మాత్రం ఊరుకుంటానని అనుకోకండి. నాకు కోపం ఉంది."

ఉండాలి అన్నాను.

పెద్దాయన మోచేతి దగ్గర దూది నొక్కుకుంటూ వచ్చారు. ఇద్దరివైపూ చూసి, మీరిద్దరూ ఏటి మాటాడుకున్నారు అని అడిగారు. కళ్యాణి లేచి ఆయన చేతిలోంచి ఫైలు తీసుకుంది.

"సోమవారం అడ్మిషన్ నాన్నా," అంది. "మంగళవారం ఆ సూది. అవుతుంటే తెర మీద సూసుకుంటూ సేస్తారట. పాత బొమ్మలతో ఈవిడ ఉంటాది."

నన్ను అడగలేదు. నా వైపు తిరగనూ లేదు. ఆయన్ను పట్టుకుని మెట్ల వైపు నడిచింది. నేను బ్యాగు భుజాన వేసుకుని వాళ్ల వెనక నడిచాను.